స్టాంపుల్లో వంతెనలు, ఆటలు: పదహారు పేజీల కోసం నేను పడ్డ పాట్లు

నేను ఇన్‌వార్డు గుమాస్తాని. 1988 నుంచి 2021 దాకా బషీర్‌బాగ్‌లో ఒక విత్తనాల కంపెనీలో చేశాను. పొద్దున వచ్చిన టపా అంతా తెచ్చి నా బల్ల మీద కుమ్మరించేవాళ్లు. కవరు చించాలి, లోపలి కాగితం మీద తేదీ ముద్ర కొట్టాలి, రిజిస్టరులో ఎక్కించాలి. కాగితాలు ఆఫీసర్ల దగ్గరికి పోయేవి, ఖాళీ కవర్లు నాకు మిగిలేవి. హాలండ్, జర్మనీ, ఫ్రాన్స్, డెన్మార్క్... విత్తనాల వ్యాపారం కాబట్టి మాకు ఉత్తరాలు ఎక్కువగా అటునుంచే వచ్చేవి.

మొదటి ఏడాది ఒక్క స్టాంపు కూడా దాచలేదు. ఆ తర్వాత ఒకరోజు హాలండ్ కవరు మీద పిల్లల బొమ్మ ఉన్న స్టాంపు కనబడింది. ధర ఉండాల్సిన చోట ఒక అంకె, ప్లస్ గుర్తు, ఇంకో అంకె. ధరలో కూడిక ఏమిటో అంతు పట్టలేదు. అకౌంట్స్‌లో పెద్దాయన్ని అడిగితే ‘ఒకటి పోస్టేజీ, రెండోది ట్యాక్సు అయ్యుంటుంది’ అన్నారు. కాదని చాలా ఏళ్లకు తెలిసింది. డచ్చివాళ్లు పిల్లల సంక్షేమం కోసం 1924 నుంచి వేస్తున్న స్టాంపులవి. మొదటి అంకె తపాలా ఖర్చు, రెండోది చందా. బడిపిల్లలే ఇంటింటికీ తిరిగి వాటికి ఆర్డర్లు తీసుకుంటారట. ఇదంతా అప్పట్లో తెలియదు. ఆ కూడిక గుర్తు వింతగా ఉందని మూల చించి చొక్కా జేబులో వేసుకున్నాను. మొదలైంది అక్కడే.

చించడమంటే నిజంగా చించడమే. మూల పట్టుకుని గుంజితే స్టాంపు అంచున ఉండే పళ్లు సగం కవరుకే అంటుకుని ఉండిపోయేవి. పళ్లు పోయిన స్టాంపును ఎవరూ ముట్టుకోరని తెలిసేలోపు రెండేళ్ల సరుకు అలాగే పాడుచేశాను. చుట్టూ వేలెడు కాగితం వదిలి కత్తెరతో కత్తిరించాలి, అంతే. అది చెప్పేవాళ్లు లేరు. పైగా దాచినవాటిని ఆఫీసు జిగురుతో రూళ్ల నోటుబుక్కులో వరసగా అంటించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. అందులోంచి ఒక్క స్టాంపు కూడా క్షేమంగా బయటికి రాదు.

దేశాల వారీగా పెట్టుకోవాలనుకున్నాను. అసలు దేశం పేరు కనుక్కోవడమే ఒక చదువు. హెల్వేషియా అంటే స్విట్జర్లాండ్, సువోమి అంటే ఫిన్లాండ్, మాగ్యార్ అంటే హంగరీ. కొన్నింటి మీద ఏ పేరూ లేదు, మూలన ఒక రాణిగారి తల మాత్రం ఉంది. అది బ్రిటన్. 1840లో ప్రపంచంలో మొదటి స్టాంపు వేసింది వాళ్లే కాబట్టి పేరు రాసుకోవాల్సిన అవసరం రాలేదు, ఇప్పటికీ రాయరు. ఇంత కష్టపడి తేల్చుకున్నాక చూస్తే, నా దగ్గర ఏ దేశానికీ ఒక్క సెట్టు కూడా పూర్తిగా లేదు.

తొంభైల మధ్యకు వచ్చేసరికి కవర్ల మీద స్టాంపులే తగ్గిపోయాయి. స్టాంపుకు బదులు ఎర్ర సిరాతో మిషన్ కొట్టిన ఫ్రాంకింగ్ ముద్రలు వచ్చిపడ్డాయి. కొన్ని ముద్రల పక్కన కంపెనీ గుర్తో, వాళ్ల ఊరి బొమ్మో కూడా ఉండేది. వాటిని చూస్తేనే ఒళ్లు మండేది నాకు. తీసి బుట్టలో పారేసేవాణ్ణి. ఆ బుట్ట సంగతి తర్వాత చెబుతాను.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, వాళ్ల మధ్య నాణేలు, స్టాంపులు అమ్మే ఒక ముసలాయన కూర్చునేవాడు. ప్రతి దేశానివీ నాలుగు నాలుగు ఏరుకుంటుంటే నన్ను చూసి నవ్వాడు. ‘సాబ్, దునియా మొత్తం కొనేంత జీతం వస్తదా మీకు? ఒక్క చీజ్ పట్టుకోండి’ అన్నాడు. పక్షులు పట్టుకున్నవాళ్లున్నారు, రైళ్లు, గాంధీగారు, పువ్వులు. నీ దగ్గర ఏమున్నాయో ముందు లెక్క పెట్టుకో అన్నాడు. ఇంటికెళ్లి నేల మీద పరిచి లెక్క పెట్టాను. వంతెనలు నలభై పైన తేలాయి. పిల్లల ఆటలు ఇరవై చిల్లర. మిగతావి దేనికవే.

నిజం చెప్పాలంటే ఆ లెక్క ఒక సాకు. నేను పుట్టి పెరిగింది పురానాపూల్ దగ్గర. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించిన వంతెన అది. చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. మొత్తం 22 కమాన్లు. ఎండాకాలం మూసీ ఒక మూలకు ఒదిగిపోతే మిగతా కమాన్ల కింద నేలంతా మాదే. గోటీలు, బొంగరాలు, చిర్రగోనె, ఏడు పెంకులు. మధ్యాహ్నం రెండింటికి కూడా అక్కడ నీడ ఉండేది. సంక్రాంతికి వంతెన గోడ మీద నుంచి పతంగులు. ఎవరి పతంగన్నా తెగితే ‘అఫా!’ అని అరుచుకుంటూ ఇసుకలో పరుగు. ఇప్పుడు పక్కన కొత్త వంతెన వచ్చింది, పాతదాని మీద కూరగాయలు అమ్ముతున్నారు. నా బుర్రలో వంతెన వేరు, ఆట వేరు కావు. ఇది తర్వాత నా కొంప ముంచింది.

స్టాంపులు కవరు కాగితం నుంచి విడదీయడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువ నష్టపోయింది అక్కడే. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, స్టాంపు మొహం పైకి ఉండేలా వదలాలి. పావుగంట, ఇరవై నిమిషాలు దాని జోలికి పోకూడదు. కాగితం తనంతట తాను జారిపోవాలి. జారకపోతే ఇంకో పది నిమిషాలు ఆగాలి తప్ప గుంజకూడదు. గుంజితే వెనక పొర ఊడి పల్చబడుతుంది, వెలుతురుకు పెడితే అక్కడ మచ్చలా కనిపిస్తుంది. విడిపోయాక వెనక జిగురు పోయేలా ఇంకో నీళ్లలో కడిగి, తెల్ల కాగితం మీద బోర్లా ఆరబెట్టాలి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది. ఆరుతున్నప్పుడు అప్పడంలా ముడుచుకుంటే కంగారు పడొద్దు. లావుపాటి పుస్తకంలో రెండు రోజులు పెడితే సాపు అవుతుంది.

ఇదంతా పద్ధతి. నేను చేసింది వేరు. ఒక డిసెంబరులో క్రిస్మస్ కార్డుల కవర్లన్నీ పోగేసి ఒకేసారి నానబెట్టాను. అందులో ఒకటి ముదురు ఎరుపు కవరు. పావుగంట తర్వాత వచ్చి చూస్తే పళ్లెంలో బీట్‌రూట్ రసం. ముప్ఫై స్టాంపులు గులాబి రంగుకు తిరిగాయి. రంగు కవర్లను విడిగా నానబెట్టాలన్న ముక్క ఆ రోజు నేర్చుకున్నాను. ఈ మధ్య వచ్చే స్టిక్కరు రకం స్టాంపులు కొన్ని ఎంత నానినా రావు, వాటిని కాగితంతోపాటే కత్తిరించి దాచుకోవడం మేలు. ఆ పళ్లెం మా అమ్మది. ‘తినే పల్లెంల గీ ఎంగిలి కాయితాలేందిరా’ అని అరిచింది. ఎంగిలి అన్నమాట అబద్ధం కాదు. ఎంతమంది నాలుకతో తడిపి అంటించారో.

అలా కోప్పడుతూనే అమ్మ నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమెకు చదువు రాదు. దేశం పేరు, ధర, సంవత్సరం ఏదీ పట్టదు. బొమ్మ మాత్రం చూస్తుంది. యూరప్ దేశాల తపాలా శాఖలు ఏటా ఒకే విషయం మీద ఎవరి స్టాంపులు వాళ్లు వేస్తాయి, ‘యూరోపా’ అంటారు. 1989లో ఆ విషయం పిల్లల ఆటలు. నేను ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే కావడంతో అవి నా బల్ల మీదికి బాగానే వచ్చాయి. ఎవరి ఆట ఏదో నాకు అర్థం కాక పక్కన పడేసినవి అమ్మ ముందు పెట్టాను.

‘గిది తొక్కుడుబిళ్ల. గిది గోటీలు. గీ పిల్ల కచ్చకాయలాడుతుంది, చూడు, చెయ్యి బోర్లేసింది, ఒక రాయి ఇంకా పైన్నే ఉంది.’

నేను భూతద్దం పెట్టి చూస్తే నిజంగానే రాయి గాలిలో ఉంది. అప్పటిదాకా దాన్ని ముద్రణలో పడిన చుక్క అనుకున్నాను. కొన్నింటిని మాత్రం ఆమె తోసేసింది. బ్రిటన్ వాళ్లు ఆ ఏడాది వేసిన సెట్టులో రైలు బొమ్మ, కట్టుడు ఇటుకలు, పాచికలు, రోబో ఉంటాయి. ఆడే పిల్లలే లేరు. ‘గివి ఆటలు గావు కొడుకా, దుకాణంల సామాన్లు’ అంది. ఆ రోజు నుంచి నా ఆటల పేజీల్లోకి ఏది రావాలన్నా అమ్మ చూడాల్సిందే. మన దేశం 1957 నవంబరు 14న వేసిన మొదటి బాలల దినోత్సవ స్టాంపులు మూడు: 8 నయాపైసల మీద అరటిపండు తింటున్న పిల్లవాడు, 15 మీద రాసుకుంటున్న అమ్మాయి, 90 మీద వినోదం పేరుతో ఒక మట్టి గుర్రం. ఆమె లెక్కన ఆ గుర్రం కూడా సామానే. దాని కోసం నేను గట్టిగా వాదించి గెలిచాను. తాడు కట్టి ఈడ్చుకుపోతే ఆటే కదా అన్నాను.

హద్దులు గీసుకోవడం ఇంత కష్టమని ముందు అనుకోలేదు. కబడ్డీ ఆటా, క్రీడా? 1990 బీజింగ్ ఏషియాడ్‌లో కబడ్డీ మొదటిసారి పతకాల పోటీల్లోకి వచ్చింది. ఆ సందర్భంగా మన తపాలా శాఖ వేసిన సెట్టులో రూపాయి స్టాంపు కబడ్డీదే. చెడుగుడు ఆడని బాల్యం ఉంటుందా? కానీ ఆ దారిన పోతే క్రికెట్ వస్తుంది, ఫుట్‌బాల్ వస్తుంది, ఒలింపిక్స్ మొత్తం వచ్చి నెత్తిన కూర్చుంటుంది. చివరికి ఒక నియమం పెట్టుకున్నాను. జెర్సీ వేసుకుని ఆడితే లోపలికి రాదు. కబడ్డీ స్టాంపు విడిగా ఒక కవరులో ఉంది, అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.

వంతెనల దగ్గర పేచీ వేరే. బ్రిటన్ 1968లో నాలుగు వంతెనల సెట్టు వేసింది. అందులో నాలుగు పెన్నీలది టార్ స్టెప్స్. ఏటికి అడ్డంగా బండల మీద బండలు పేర్చిన దారి, అంతే. మా నాయన వాళ్ల ఊళ్లో వాగు దాటడానికి వేసిన పరుపు బండలు సరిగ్గా అలాగే ఉంటాయి. పక్కనే 1733 నాటి ఆబర్‌ఫెల్డీ రాతి వంతెన, 1826 నాటి మెనాయ్ వేలాడే వంతెన, చివరన అప్పటికి కొత్తదైన ఎం4 మోటారు దారి వయాడక్టు, అంటే స్తంభాల మీద పోయే పొడవాటి వంతెన. బండల నుంచి కాంక్రీటు దాకా నాలుగు చిన్న కాగితాల్లో చెప్పేశారు. చవకగా దొరుకుతుంది, వంతెనలతో మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు అది కొనుక్కోండి. సిడ్నీ హార్బర్ వంతెన తెరిచిన 1932లో ఆస్ట్రేలియా వేసినవాటిలో ఎర్ర రెండు పెన్నీల స్టాంపు నా జీతానికి అందింది. అదే బొమ్మతో ఉన్న ఆకుపచ్చ అయిదు షిల్లింగులది మాత్రం క్యాటలాగులో ధర చూసి పేజీ తిప్పేశాను. వంతెనలు పట్టుకున్నవాళ్లందరికీ అది ఒక తీరని కోరిక.

మనవి 2007లో వచ్చాయి. హౌరా, విద్యాసాగర్ సేతు, పట్నా దగ్గర గంగ మీద మహాత్మాగాంధీ సేతు, పాంబన్. అప్పటికే అబిడ్స్ జీపీఓలో స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ఉండే ఫిలాటెలీ బ్యూరోలో 200 రూపాయలు కట్టి డిపాజిట్ ఖాతా తెరిచాను. ఖాతా ఉంటే కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి, డబ్బు అందులోంచి కోసుకుంటారు. ఆ నాలుగింటిలో నాకు హౌరా ఇష్టం. నట్టూ బోల్టూ లేకుండా మొత్తం రివిట్లతో బిగించిన వంతెన అది, 1943 నుంచి నిలబడి ఉంది. పాంబన్ కథ పెద్దది. 1914లో రైళ్లు మొదలయ్యాయి, ఓడలు వస్తే మధ్య భాగం రెండు రెక్కల్లా పైకి లేచేది. 1964 డిసెంబరు తుపానులో దెబ్బతింటే రైల్వే ఇంజినీరు శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో నిలబెట్టింది. 2025 ఏప్రిల్‌లో పక్కనే కొత్త వంతెన వచ్చింది. నా పేజీలో మాత్రం పాతదే ఉంటుంది.

కొనడంలో రెండుసార్లు మోసపోయాను. మొదటిసారి అబిడ్స్‌లోనే, ఒక పొట్లం పెద్ద పెద్ద రంగురంగుల గల్ఫ్ స్టాంపులు. సీలు సరిగ్గా మూలన, బొమ్మ చెడకుండా అందంగా పడింది. వెనక తిప్పితే జిగురు చెక్కుచెదరలేదు! తపాలా ముద్ర పడిన స్టాంపుకు జిగురెలా ఉంటుంది? అరవైల చివర్లో షార్జా, అజ్మాన్ లాంటి చిన్న సంస్థానాల పేరుతో సేకరించేవాళ్లకు అమ్మడానికే లెక్కలేనన్ని అచ్చువేసి, అక్కడే సీలు కొట్టి పంపేవారట. ఏ ఉత్తరమూ మోయని స్టాంపులు. రెండోసారి ఆన్‌లైన్‌లో. ప్రపంచ ప్రసిద్ధ వంతెనలన్నీ ఒకే షీటు మీద, పైన ఒక ఆఫ్రికా దేశం పేరు. ఆ దేశానికి ఆ షీటు సంగతే తెలియదని తర్వాత ఒక పెద్దాయన చెప్పారు. ఇలాంటివి పట్టుకోవడానికే 2002 నుంచి అంతర్జాతీయ తపాలా సంఘం తరఫున అధికారిక స్టాంపులకు నంబర్లిచ్చే పద్ధతి నడుస్తోంది. అందులో చేరిన దేశమైతే ఆ జాబితా చూసి కొంటే సగం బాధ తప్పుతుంది.

వానాకాలం గురించి ఒక్క మాట. ఆల్బమ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు, పుస్తకాల్లా నిలబెట్టండి. నేను ఒక ఏడాది పేర్చాను. ఆగస్టులో తీసి చూస్తే కొత్త స్టాంపులు జిగురుతో సహా పేజీకి కరుచుకుపోయాయి.

రిటైరయ్యాక చేతిలో సమయం ఉంది, ఒక ప్రదర్శనలో పెడదామనిపించింది. ఒక ఫ్రేము అంటే పదహారు పేజీలు. పదహారు పేజీలేగా అనుకున్నాను. నా దగ్గర స్టాంపులు దాచే స్టాక్‌బుక్కులు పదకొండున్నాయి. నాలుగు నెలలు పట్టింది. చేర్చడం ఒక వారం పని, తీసేయడం మిగతా పదిహేను వారాలు. ముందు పేజీలో పేరు, ప్లాను ఉండాలి. పేరు ‘దాటుడు’ అని పెట్టాను. నది దాటేది వంతెన, గీత దాటేది తొక్కుడుబిళ్ల, ఆ రెండూ ఒకటేనని నా ఊహ. ఎనిమిది పేజీలు వంతెనలు, ఏడు పేజీలు ఆటలు. రెండూ కలవడానికి సాక్ష్యంగా యూరోపాను కూడా లాక్కొచ్చాను: 1989లో దాని విషయం ఆటలు, 2018లో వంతెనలు. పేజీల చుట్టూ నీలం గీతల అంచు, అందమైన అక్షరాలు, మందపాటి కాగితం. అన్నింటికంటే ఎక్కువ డబ్బు దానికే అయింది.

వంతెనల చివరి పేజీలో నాకు ప్రాణమైన స్టాంపు పెట్టాను. 1931లో నిజాం ప్రభుత్వం బొమ్మల స్టాంపులు వేసింది. ఒక అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్. పురానాపూల్ ఉన్న స్టాంపు నా దగ్గర లేదు కాబట్టి ఉస్మాన్‌సాగర్ పెట్టాను. ఎందుకంటే 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరు కొట్టుకుపోయినప్పుడు మిగతా వంతెనలన్నీ దెబ్బతిన్నాయి, మా పురానాపూలే నిలిచింది. అలాంటి వరద మళ్లీ రాకూడదనే కదా ఎగువన ఉస్మాన్‌సాగర్ కట్టారు. ఈ సంగతి స్టాంపు కింద ఆరు వరసల్లో రాశాను.

జడ్జి గారు నా ఫ్రేము ముందు చాలాసేపు నిలబడ్డారు. మర్యాదస్తుడు. ముందు ఆ నాలుగణాల స్టాంపు చూపించి ‘ఇందులో వంతెన ఎక్కడుంది?’ అన్నారు. వరద గురించి చెప్పాను. విన్నారు. ‘చరిత్ర బాగుంది. కానీ వంతెన స్టాంపులో లేదు, మీ రాతలో ఉంది’ అన్నారు. తర్వాత ‘దాటుడు’ దగ్గరికి వచ్చారు. వంతెనకీ ఆటకీ సంబంధం ఏమిటి అని అడిగారు. యూరోపా అన్నాను. ‘ఆ రెంటి మధ్య ఇరవై తొమ్మిదేళ్లున్నాయి. ఆ మధ్యలో వాళ్లు వేరే విషయాలు బోలెడు వేశారు’ అన్నారు. ఇక దాచుకోలేక పురానాపూల్ కమాన్ల కింద గోటీలాట గురించి చెప్పాను. నవ్వారు. ‘సార్, అది మీ కథ. స్టాంపుల కథ కాదు. రెండు ఫ్రేములు చేయండి’ అన్నారు.

మార్కుల కాగితం చూస్తే ఇంకా సిగ్గేసింది. అంతర్జాతీయ నిబంధనల్లో విషయాన్ని బట్టి చేసే సేకరణలకు వందలో అందచందాలకు ఉన్నవి 5 మార్కులే. నా నీలం గీతలు, మందపాటి కాగితం అన్నీ ఆ అయిదులోనే. విషయాన్ని నడిపించిన తీరుకు 35, పరిజ్ఞానానికి 30, స్టాంపుల స్థితికీ అరుదుకూ కలిపి 30.

పరిజ్ఞానం దగ్గర ఆయన చెప్పిన మాటతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ‘అన్నీ స్టాంపులే పెట్టారు. తపాలాలో స్టాంపు ఒక్కటే ఉండదుగా. బొమ్మల సీళ్లు, ముద్రించిన కార్డులు, ఫ్రాంకింగ్ మిషన్ ముద్రలు... వంతెన బొమ్మతో ఉన్న మిషన్ ముద్రలు యూరప్‌లో చాలా ఉన్నాయి. అలాంటివి నాలుగు ఉంటే మీ ఫ్రేము స్థాయే వేరు.’

ఎర్ర సిరా ముద్రలు. పాతికేళ్లు నా చేతుల్తో నేనే బుట్టలో పారేసినవి. జర్మనీ నుంచి ఒక కంపెనీ నెలకు రెండు ఉత్తరాలు పంపేది, దాని ముద్ర పక్కన నది, దాని మీద కమాన్ల వంతెన. నాకు బాగా గుర్తుంది. ఆఫీసుకు వెళ్లి పాత రికార్డు గది చూడనివ్వమని బతిమాలాను. కవర్లు ఎవరు దాస్తారండీ అన్నారు. నిజమే, దాచకుండా పారేసింది నేనే. ఇప్పుడు అలాంటి ముద్రల కోసం ఆదివారాలు తిరుగుతున్నాను. స్టాంపు లేని కవరు కావాలని అడిగితే అమ్మేవాళ్లు నన్ను వింతగా చూస్తున్నారు. ఇప్పటికి మూడు దొరికాయి, ఒకదాని మీద వేలాడే వంతెన.

కంచు స్థాయి సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటికి తెచ్చి రెండు ఫ్రేములుగా విడదీసే పని మొదలుపెట్టాను. ‘దాటుడు’ పేజీ తీసేశాను. ఆటల పేజీలన్నీ మంచం మీద పరిచి అమ్మను పిలిచాను. ఈ పేజీల వరస ఎలా ఉండాలో ఆమెనే అడుగుదామని. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి ఓనగుంటల దగ్గర ఆగింది. పుస్తకాల్లో వామనగుంటలంటారు. ఒక పశ్చిమాఫ్రికా దేశం స్టాంపు, చెక్క పలకలో రెండు వరసల గుంటలు, ఇద్దరు పిల్లలు గింజలు పంచుతున్నారు. మన ఆట అక్కడ కూడా ఉందని ఆ పేజీకి గొప్పగా ‘ఓనగుంటలు’ అని పేరు పెట్టాను. జడ్జి గారు దానికి వంక పెట్టలేదు.

‘అద్దం తే’ అంది అమ్మ. భూతద్దం ఇచ్చాను. వేలితో ఒక్కో గుంట తాకుతూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

‘ఒక్క దిక్కుకు ఏడుండాలె. గిండ్ల ఆరే ఉన్నయ్.’

నేనూ లెక్కపెట్టాను. ఆరే.

‘చిన్న స్టాంపు కదమ్మా, చోటు చాలక తగ్గించి గీసుంటారు’ అన్నాను.

‘ఆడేటోడు గుంట తక్కువ గీస్తడా? గిది మనది గాదు. వాళ్ల ఆట. పేరు మార్చు.’

వెతికితే ఆమె చెప్పిందే నిజం. అది ‘ఓవారే’ అనే ఆట. వరసకు ఆరు చొప్పున పన్నెండు గుంటలు, గుంటకు నాలుగు చొప్పున 48 గింజలు. పాత పేరు చెరిపి ‘ఓవారే’ అని రాశాను. పక్క పేజీలో ‘ఓనగుంటలు, 14 గుంటలు, చింతగింజలు’ అని పెన్సిలుతో రాసి, కింద స్టాంపు పెట్టే చోటు ఖాళీగా వదిలాను.